మరణించినవారి ఆస్తి: ముందు పంపకం, తర్వాత దానం

తల్లిదండ్రులు కన్నుమూసిన కొద్ది రోజులకే వారి పేరిట సదఖా ఇవ్వాలని ఎందరో ముందుకొస్తారు. అల్లాహ్ వారి సంకల్పాన్ని స్వీకరించుగాక! అయితే ఆ డబ్బు ఎవరిదని ముందుగా ఆలోచించాలి. ఇచ్చేవారి సొంత సంపాదనైతే ఏ అభ్యంతరమూ లేదు. ఇంకా పంచని ఆస్తిలోదైతే, అందులో వితంతువు వాటా, ఆడపిల్లల వాటా, మైనర్ల వాటా కలిసి ఉంటాయి. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారిని దివ్యఖురాన్ అన్‌నిసా సూరాలో తీవ్రంగా హెచ్చరించింది.

షరీఅత్ చెప్పిన క్రమం ఇది: మొదట కఫన్ దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు, ఆపైన వసీయత్, చివరగా వారసుల వాటాలు. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. వసీయత్ మూడోవంతుకు మించరాదు.

ఉదాహరణకు, ఒక వ్యక్తికి భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు, తల్లిదండ్రులు లేరు. అన్నీ పోను 40 లక్షలు మిగిలింది. భార్యకు ఎనిమిదోవంతు, అంటే 5 లక్షలు. మిగతా 35 లక్షల్లో కొడుకులకు 14 లక్షల చొప్పున, కూతురికి 7 లక్షలు. ఈ హక్కు మరణించిన క్షణంలోనే వారికి చేరుతుంది. పంపకం ఆలస్యమై ఈలోగా ఒక కొడుకు చనిపోతే, అతని 14 లక్షలు మళ్లీ అతని తల్లికీ భార్యాబిడ్డలకూ చీలతాయి. ఏటేటా లెక్క చిక్కుపడుతుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? ఆధార్‌లో ఒక తీరుగా, పాస్‌బుక్‌లో మరో తీరుగా ఉన్న పేర్లు ఒక కారణం. గల్ఫ్‌లో ఉన్న వారసుడి సంతకం కోసం ఎదురుచూపు మరొకటి. ముస్లిం వసీయత్‌కు ప్రొబేట్ తప్పనిసరి కాదు. కానీ నామినీ లేని డిపాజిట్లకు, షేర్లకు సక్సెషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. దాన్ని 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద సివిల్ కోర్టు నోటీసులిచ్చి, విచారించి ఇస్తుంది. ఇళ్లు, భూములకు అది వర్తించదు. నామినీ ఉన్నా, అతను సొమ్ము అందుకుని వారసులకు అప్పగించేవాడే తప్ప యజమాని కాడు. మైనర్ల స్థిరాస్తిని తల్లి తనంతట తాను అమ్మలేదు. కోర్టు ఆమెను సంరక్షకురాలిగా నియమించి అనుమతించాలి.

కాబట్టి దాతలకు మా మనవి. బతికుండగానే ఆస్తులు, అప్పులు, మహర్, జకాత్ బాకీ ఒక కాగితంపై రాసి ఇంట్లోవారికి చెప్పండి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆడపిల్లల పేర్లు తప్పక చేర్చండి. చెల్లెలు వాటా వద్దంటుందని మీరే అనుకోకండి. ముందు ఆమె వాటా ఆమె చేతికివ్వండి. తర్వాత ఇవ్వడం, మానడం ఆమె ఇష్టం. మా సొసైటీకి చేసే వసీయత్‌నూ మూడోవంతు లోపే ఉంచండి.

పంపకమయ్యాక ఒక్క వారసుడు తన వాటాలోంచి ఇచ్చే వంద రూపాయలు మాకు చాలు. హక్కుదారుని కన్నీరు కలిసిన లక్ష మాకు వద్దు. హక్కులు సకాలంలో చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.