చేదా? వగరా? ఆదివారం టీ పాఠం



క్లాసులో ‘బిట్టర్’ అంటే చేదు, వగరు రెండూ ఒకటే అనుకుంటున్నారు చాలామంది పిల్లలు. నేరేడు పండు తిన్న నాలుకకు తేడా తెలుసు, మాటే మరుగున పడుతోంది.

ఈ ఆదివారం మూడు కప్పులు పెట్టండి. ఒకటి ఉత్త డికాక్షన్, రెండోది నిమ్మరసం పిండిన సులేమానీ, మూడోది మన చార్మినార్ దగ్గరి ఇరానీ చాయ్. దీనికి డికాక్షన్ మూతపెట్టి దమ్ మీద మరగాలి, పాలు విడిగా చిక్కబడాలి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పిల్లలకు తలా ఒక చెంచా చాలు, కెఫీన్ ఉంటుంది కదా!

డికాక్షన్‌కి నాలుక పిడచగడితే అది టానిన్ల వగరు. పాలలోని కేసీన్ ఆ టానిన్లను పట్టేసుకుంటుంది, అందుకే ఇరానీ చాయ్ మెత్తగా దిగుతుంది. నిమ్మరసం పడగానే రంగు ఎందుకు తేలిపోయిందో మాత్రం మీరు చెప్పేయకండి. ఏడో తరగతి వాళ్లకు లిట్మస్ పాఠం గుర్తు రావాలి.