ఆటలో పాఠం

పసివారి చేతులకు విశ్రాంతి తెలియదు. అందిన ప్రతి వస్తువునూ తాకి, తిప్పి, విప్పి చూడాలనే కుతూహలం వారికి పుట్టుకతోనే వస్తుంది. ఆ కుతూహలాన్ని అణచివేసి, 'చేతులు కట్టుకొని వినండి' అని ఆజ్ఞాపించడమే బోధన అనే భావన మన పాఠశాలల్లో చిరకాలం రాజ్యమేలింది. చేతులు కట్టుకొన్న తరగతిలో మనస్సు కూడా తలుపులు మూసుకొంటుందని గ్రహించినవారు ఆనాడూ లేకపోలేదు.

చేస్తూ నేర్చుకోవడం మనకు కొత్త కాదు. వామనగుంటల పీటలో వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలుంటాయి. చింతగింజలను గుంటకొకటి వేస్తూ పోయే పిల్ల తనకు తెలియకుండానే కూడికను, తీసివేతను, ముందుచూపును అభ్యసిస్తుంది. అక్కడ బెత్తం లేదు, భయం లేదు. లెక్క తప్పితే ఆటే ఆ తప్పును చూపుతుంది.

ఈ సత్యాన్ని జాతీయ విద్యావిధానంగా మలచాలని గాంధీజీ సంకల్పించాడు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ చేతిపని కేంద్రంగా విద్య సాగాలని తీర్మానించింది. ఆ ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకీర్ హుస్సేన్. 1897లో హైదరాబాదులో జన్మించిన ఆ విద్యావేత్త 1967లో భారత రాష్ట్రపతి అయ్యాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1984లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ప్రాథమిక విద్యా పథకం ఆరంభమైంది. బోధనకు ఆ పథకం ఆరు సూత్రాలను నిర్దేశించింది. కృత్యాలను కల్పించడం, చేయడం ద్వారానూ అన్వేషణ ద్వారానూ నేర్పడం, వ్యక్తిగతంగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య భేదాలను గమనించడం, పరిసరాలను వినియోగించడం, పిల్లలు చేసిన పనిని ప్రదర్శించడం అనేవి ఆ సూత్రాలు. గోడకు పటాలు వేలాడదీసినంత మాత్రాన ఈ సూత్రాలు నెరవేరవు. ఆ పటాన్ని గీసినది ఉపాధ్యాయుడా, పిల్లవాడా అనేదే అసలు ప్రశ్న.

నాంపల్లిలోని ఒక మూడవ తరగతిని ఊహించుకొందాం. ఉపాధ్యాయురాలు పిల్లలను పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకొనివెళ్ళి, రెండు చెట్ల నడుమ దూరాన్ని అడుగులతో కొలవమంటుంది. ఒకరు ఇరవై అంటారు, మరొకరు ఇరవై ఆరు అంటారు. వాదం మొదలవుతుంది. 'ఎవరి లెక్క తప్పు?' అని ఆమె అడుగుతుంది. ఎవరి లెక్కా తప్పు కాదని, అడుగుల పొడవే వేరని పిల్లలే కనిపెడతారు. అప్పుడు ఆమె మీటరు బద్దను వారి చేతికిస్తుంది. అందరికీ ఒకే కొలమానం ఎందుకు కావాలో ఆ పిల్లలకు మరి చెప్పవలసిన పని లేదు. అదే ఉద్యానవనంలో పురావస్తు ప్రదర్శనశాల ఉంది, బాలలకు కళలు నేర్పే జవహర్ బాలభవన్ ఉంది. చూసే కన్నుంటే పేటంతా పాఠ్యపుస్తకమే.

చేతికి పని ఎంత అవసరమో కాలికి ఆట అంతే అవసరం. అబిడ్స్‌కు చేరువలోని లాల్‌బహదూర్ స్టేడియం ఒకప్పటి ఫతే మైదానం. ఆ పరిసరాల్లోనే, గన్‌ఫౌండ్రీలో, 1855లో స్థాపితమైన ఆల్ సెయింట్స్ పాఠశాల మహమ్మద్ అజారుద్దీన్, వెంకటపతి రాజు వంటి క్రికెట్ క్రీడాకారులను దేశానికి అందించింది. ఈ నగరానికే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో నాల్గవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణపతకాన్ని సాధించింది. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో ఆయన పోటీలు నిర్వహించేవాడు. లోపాన్ని నిందించక, దానికి అభ్యాసం కల్పించడమే ఉత్తమ బోధన అనడానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు.

అయితే ఆడుకొనే చోటేది? అంగళ్ళ నడుమ, అంతస్తుల మీద బడులు వెలిసే నగరంలో మైదానం అపురూపమవుతున్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలకూ ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలని నిర్దేశించింది. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా బోధన సాగాలని పేర్కొన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం క్రీడలను పాఠాలతో జోడించమన్నది. చట్టం వచ్చినా ఆటల పీరియడును లెక్కల పాఠానికి అప్పగించే అలవాటు మాత్రం అంత సులభంగా పోదు. ఆటకు వెళితే మార్కులు తగ్గుతాయనే తల్లిదండ్రుల భయం నిజమైనదే. దానిని ఎగతాళి చేయరాదు. పరుగుపందెంలో కాలాన్ని కొలిచి, దూకిన దూరాన్ని పట్టికలో వ్రాసిన బాలుడు లెక్కల పాఠాన్ని కోల్పోలేదని వారికి చూపడమే సరైన సమాధానం.

విద్యార్థులారా! మీ పరీక్షలను నిర్వహించే ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం కూడా నాంపల్లిలోనే ఉంది. పరీక్షకూ పూదోటకూ నడుమ దూరం అక్కడ కొద్దిపాటి నడక మాత్రమే. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులవుతారు, అనేకులు తల్లిదండ్రులవుతారు. ఒక పసివాడు మట్టి చేతులతో ఎదుట నిలిచినప్పుడు, చేతులు కడుక్కోమనడానికి ముందు 'ఏం కనుగొన్నావు?' అని ఒక్కమాట అడగండి. వాడి చదువు అక్కడ మొదలవుతుంది.