పాత నూలు చీరతో పడక పుండుకు అడ్డుకట్ట

పక్షవాతంతో మంచం పట్టిన తల్లినో తండ్రినో ఇంటికి తీసుకెళ్లే రోజున కుటుంబ సభ్యులు మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, ఇంకా ఏమేమి కొనాలి?" అంటారు. "ఇంట్లో పాత నూలు చీరలు ఎన్ని ఉన్నాయి?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. కొందరు నవ్వుతారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఉద్యోగాల కోసం మాదాపూర్, కొండాపూర్ వైపు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఈ ఫ్లాట్లలో పాత బట్టలు దాచుకునే చోటు ఎక్కడుంటుంది? కాని ఊరి నుండి వచ్చిన అమ్మ పెట్టె తెరిస్తే ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు నాలుగైనా దొరుకుతాయి. మనకు కావలసినవి అవే.

ముందు పుండు ఎలా పడుతుందో తెలుసుకోండి. కదలలేని మనిషి ఒకే వైపు పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది. అక్కడికి రక్తం సరిగా అందదు. నడుము కింది భాగం, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం ముందుగా దెబ్బతింటాయి. మొదట ఎర్రని మచ్చ కనబడుతుంది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. ఆ చోటు చుట్టుపక్కల కంటే నల్లగా, వేడిగా, లేదా గట్టిగా ఉందేమో తడిమి చూడండి. వేలితో నొక్కి వదిలినా ఆ చోటు రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. దాని మీద పడుకోబెట్టకుండా వెంటనే నర్సుకో డాక్టరుకో చూపించండి. చెమట, మూత్రం వల్ల తడి, పక్క మీద ఈడ్చడం వల్ల రాపిడి తోడైతే పుండు ఇంకా త్వరగా పడుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను డిప్లొమా చదివే రోజుల్లో దూది, గుడ్డ చుట్టి వలయాలు చేయడం మాకు నేర్పారు. నీళ్ల కుండ కింద పెట్టే చుట్టకుదురు ఎలా ఉంటుందో అలాంటివే. వాటిని రోగి నడుము కింద, మడమల కింద పెట్టేవాళ్లం. స్పిరిట్, పౌడరు వేసి వీపు గట్టిగా రుద్దేవాళ్లం. నేను కుట్టిన వలయాలు చక్కగా వచ్చాయని మెచ్చుకున్నారు కూడా. ఆ వలయం మధ్యలో బరువు తగలకపోయినా, చుట్టూ నొక్కి లోపలి చర్మానికి రక్తం అందకుండా చేస్తుందని తరువాత తెలిసింది. ఎముక మీద ఎర్రబడిన చోట రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. కాబట్టి చుట్టకుదురు కుండకే ఉంచండి. మందుల షాపులో అమ్మే గాలి రింగు కూడా వద్దు.

ఇప్పుడు పని మొదలుపెడదాం. అన్నిటికంటే ముందు కుట్టవలసింది అడ్డపక్క, అంటే రోగిని ఎత్తి జరపడానికి పనికివచ్చే గుడ్డ. చీర సుమారు ఐదున్నర మీటర్లుంటుంది. వెలుతురుకు పట్టి చూసి, రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. చిరిగేలా ఉంటే అది తుడుచుకోవడానికి ఉంచి వేరేది తీయండి. జరీ ఉన్న అంచు కత్తిరించి తీసేయండి. పొడవును నాలుగు మడతలు వేస్తే దాదాపు 1.4 మీటర్ల గుడ్డ వస్తుంది. నాలుగు అంచులకూ మాత్రమే కుట్టు వేయండి, మధ్యలో ఒక్క టాకా కూడా వద్దు. మిషన్ లేకపోతే చేత్తో దగ్గర దగ్గరగా రెండు వరుసలు కుట్టినా చాలు. 1.4 మీటర్ల వైపు మంచానికి అడ్డంగా వచ్చేలా, రోగి భుజాల నుండి తొడల వరకు పరవండి. రెండు పక్కలా మిగిలే గుడ్డే మీ పిడి.

ఇద్దరు చెరో వైపు నిలబడి ఆ గుడ్డను రోగి ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకోండి. "ఒకటి, రెండు, మూడు" అని ఒకేసారి ఎత్తి జరపండి. ఈడ్చవద్దు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎత్తడానికి ప్రయత్నించకండి. ఆ గుడ్డ అంచు పట్టుకుని పక్కకు తిప్పడం వరకే చేయండి. సాధారణంగా రెండు గంటలకొకసారి తిప్పమంటాము. రాత్రిపూట ఎంతసేపటికి తిప్పాలో మాత్రం డిశ్చార్జి రోజున అడిగి రాసుకోండి. నైట్ షిఫ్టులు ఉన్న ఇళ్లలో ఎవరి వంతు ఎప్పుడో గోడకు కాగితం అంటించుకుంటే గొడవ ఉండదు. ఎన్ని గుడ్డలు కుట్టినా, గాలి పరుపు కొన్నా తిప్పడం తప్పదు. ఈ కుట్టు పని అంతా ఆ తిప్పడం సులువు కావడానికే. మూడు జతలు కుట్టుకోండి. వర్షాకాలంలో ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఎంతకీ ఆరవు కదా!

"బొంత ఉంది సిస్టర్, మెత్తగా ఉంటుంది" అంటారు చాలామంది. బొంత మీద నాకూ ప్రేమే, మా అమ్మ కుట్టినది ఇంకా కప్పుకుంటున్నాను. కాని దాని నిండా కుట్లు, అతుకులు, గట్లు ఉంటాయి. అటూ ఇటూ దొర్లగలిగే మనకు అవి తెలియవు. కదలలేని మనిషికి ప్రతి గట్టూ ఒక రాయి. పైగా తడిస్తే రెండు రోజులకు గాని ఆరదు. బొంతను తోడుగా పడుకునేవారికి ఇవ్వండి. అలాగే శిల్పారామంలో ముచ్చటపడి కొన్న అద్దాల పని దిండు గలేబులు సోఫా మీదే ఉంచండి.

రెండవది నైటీ. వీపు మధ్యలో మెడ నుండి కింది దాకా కత్తిరించి, అంచులు సన్నగా మడిచి కుట్టండి. గుండీలు, హుక్కులు, పిన్నీసులు వద్దు. నాడాలు మెడ వెనుక కాకుండా భుజం పక్కకు వచ్చేలా కుట్టండి, ముడి తల కింద నలగకూడదు. తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, తీసేటప్పుడు చివర. పడుకోబెట్టాక వీపు కింద ముడతలు లేకుండా సర్దండి.

మడమల కోసం మెత్తని దిండు చాలు. మోకాలి కింది నుండి చీలమండ పైవరకు పిక్కంతా దాని మీద ఆనాలి. మడమ గాలిలో ఉండాలి. మడమకూ పరుపుకూ మధ్య కాగితం అడ్డు లేకుండా జరిగిందంటే సరిగ్గా పెట్టినట్టు.

మూత్రపు సంచికి కూడా ఒక గుడ్డ తొడుగు కుట్టి, నాడాతో మంచం పట్టీకి కట్టండి. సంచి నేలకు తగలకూడదు, రోగి నడుము కంటే కిందే ఉండాలి. మట్టం చూడటానికి చిన్న కిటికీ వదలండి. చుట్టాలు వచ్చినప్పుడు ఆ సంచి అందరికీ కనబడటం పెద్దవాళ్లకు ఎంత చిన్నతనంగా ఉంటుందో మాకు వార్డులో రోజూ తెలుస్తూనే ఉంటుంది.

పని ముగిశాక సూదులు లెక్కపెట్టండి. ఆపరేషన్ థియేటరులో మేము చేసేదీ ఇదే. రెండు తీస్తే రెండూ డబ్బాలోకి వెళ్లాలి.

ఆ మధ్య మా వార్డులో ఎడమ చేయి, కాలు పడిపోయిన ఒక పెద్దమ్మ ఉండేది. తన ఊళ్లో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. వచ్చిన దగ్గర నుండి గోడ వైపు చూస్తూ ఉండిపోయింది, అన్నం కూడా సరిగా తినేది కాదు. కోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సూది పట్టి ఎరుగదు. నేను చెప్పినట్టు మంచం పక్కన కూర్చుని రెండు సాయంత్రాలు కష్టపడి అడ్డపక్క కుట్టింది. "అత్తయ్యా, చూడండి" అని ఆమె ఒళ్లో పెట్టింది. పెద్దమ్మ కుడి చేత్తో అంచు వెంట మెల్లగా తడుముకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

"ముడి పైకి వచ్చిందే తల్లీ. నాకే గుచ్చుకుంటది. విప్పి మళ్ల కుట్టు, నేను చెబుతా" అంది.