చలి కింద నుంచి వస్తుంది

మా ఏజెన్సీలో లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఆ చింతపల్లి మండలంలోనే ఏఎన్‌ఎమ్‌గా 27 ఏళ్లు కొండలెక్కి దిగాను. రిటైరయ్యాక నర్సీపట్నంలో స్థిరపడ్డాం. ఏటా డిసెంబరులోనో జనవరిలోనో మనవల్ని వెంటేసుకుని పైకి వెళ్లి ఒక రాత్రి టెంటులో పడుకోవడం మా ఇంట్లో పండగలాగా అయిపోయింది. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నాడికి నాలుగు. నాకు 69. పిల్లలు చలికి ఏడ్చిన రాత్రుల్లో నేర్చుకున్నవి కొన్ని, ఉద్యోగంలో నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను.

1. పైన ఏం కప్పారని కాదు, కింద ఏం పరిచారని చూసుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు మా అబ్బాయి గాలి కొట్టే పరుపు తెచ్చాడు. దాని మీద దుప్పటి, పైన మూడు రగ్గులు. ఇంకేం కావాలనుకున్నాం. రాత్రి రెండు దాటాక మనవరాలు లేచి కూర్చుని, "నానమ్మా, నా వీపు కింద ఎవరో ఐసు పెట్టారు" అంది. చెయ్యి పెట్టి చూస్తే పొట్ట వెచ్చగానే ఉంది, వీపు మాత్రం చల్లగా అయిపోయింది. పరుపులోని గాలి కదులుతూ పిల్ల ఒంటి వేడిని తీసుకెళ్లి నేలకు అప్పజెబుతోందన్నమాట. పైనున్న రగ్గుల్లో ఒకటి తీసి కింద వేశాం. దాంతోనే సర్దుకుంది.

రగ్గు తనంతట తాను వేడి పుట్టించదు. దాని నూలు మధ్య చిక్కుకున్న గాలే మన వేడిని పట్టి ఉంచుతుంది. ఒంటి కింద నలిగితే ఆ గాలి పోతుంది. అందుకే పైన పనికొచ్చింది కింద అంతగా పనికిరాదు. కింద నలగనిది కావాలి.

ఇప్పుడు మా పడక ఇలా ఉంటుంది. నేల మీద జానెడు మందాన వరిగడ్డి, దాని మీద టార్పాలిన్, ఆపైన టెంటు. గడ్డి ఎవరి కళ్లంలోనైనా అడిగితే ఇస్తారు, ఓ వంద చేతిలో పెడితే సంతోషిస్తారు. టెంటు లోపల పిల్లలు ఇంట్లో ఆడుకునే రబ్బరు స్పాంజి పలకలు, అవే, ఒకదానికొకటి తగిలించే ఏ బీ సీ డీ పలకలు. వాటి మీద గొంగడి. మా వియ్యంకుడుగారిది పాలమూరు. దక్కని గొర్రెల నల్లబొచ్చుతో కురుమలు నేసి, చింతగింజల అంబలి పట్టించిన గొంగడి ఆయన ఇచ్చిందే. ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి దాని మీద పాత చీరల బొంత. అన్నిటికన్నా పైన పిల్లలు. వాళ్ల మీద మరో బొంత, ఒక్క రగ్గు. అంతే.

2. ఫొటోకి బాగున్న చోటు నిద్రకి బాగుండదు.

టెంట్లు అద్దెకిచ్చే కుర్రాళ్లు తాజంగి రిజర్వాయరు వైపు నీళ్ల పక్కనే వేస్తామంటారు. పొద్దున లేవగానే నీళ్ల మీద పొగమంచు కనబడుతుందని వాళ్ల ఆశ. చలిగాలి బరువుగా ఉంటుంది. రాత్రి వాలు మీద నుంచి నీళ్లలాగే పారి పల్లంలో చేరి నిలుస్తుంది. నీటి పక్కన చెమ్మ అదనం. నేనైతే పల్లానికీ కొండకొమ్ముకీ మధ్య, వాలు మీద కాస్త చదునుగా ఉన్న చోటు, గాలికి అడ్డంగా పొదో రాయో ఉన్న చోటు చూస్తాను. చెట్టు నీడ పట్టున మంచు తక్కువ పడుతుంది, ఎండుకొమ్మలు లేని చెట్టయితేనే.

మబ్బు పట్టిన రాత్రి కంటే చుక్కలు నిండా కనబడే రాత్రి చలెక్కువ. ఆకాశం తేటగా ఉందని పిల్లలు గంతులేస్తుంటే నేను ఇంకో రగ్గు తీస్తాను.

ఇంకో మాట. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు కొందరు మంచు పడుతుందని పిల్లలకి చెప్పి తీసుకొస్తారు. మనకి పొగమంచూ మంచే, కశ్మీరులో పడేదీ మంచే కాబట్టి ఈ తికమక. ఇక్కడ ఉండేది 3,000 అడుగుల ఎత్తున పట్టే పొగమంచు. అది తెల్లగా కనబడి ఊరుకోదు, బట్టలు తడుపుతుంది.

3. తడి బట్టలో పడుకోబెట్టొద్దు, తడి అని తెలియకపోయినా.

పిల్లలు సాయంత్రమంతా పరిగెడతారు. చెమట పడుతుంది, బనీను లాగేసుకుంటుంది, చలికి అది మనకి తెలియదు. పడుకున్నాక ఆ చెమ్మ ఆరడానికి కావలసిన వేడి పిల్ల ఒంట్లోంచే పోతుంది. అందుకని పక్క ఎక్కే ముందు బనీను దగ్గర్నుంచి సాక్సుల దాకా అన్నీ మార్చేస్తాను. రాత్రి సాక్సులు వేరే సంచిలో ఉంటాయి, వాటితో ఎవరూ నేల మీద అడుగు పెట్టకూడదు. అవి బిగుతుగా ఉండకూడదు. బిగిస్తే రక్తం సరిగ్గా పారక కాళ్లు ఇంకా చల్లబడతాయి.

జీన్స్ ప్యాంట్లు అసలు తేవద్దని మా కోడలితో అంటే, "అత్తయ్యా, మందంగా ఉంటాయి కదా" అంది. మందమే, కానీ ఒకసారి గడ్డిలో తడిస్తే మర్నాడు మధ్యాహ్నానికీ ఆరవు. ఒక మందపాటి కోటు కంటే మూడు పల్చటి బట్టలు నయం. ఒకటి విప్పొచ్చు, ఒకటి తొడగొచ్చు.

4. చేతులు చూసి భయపడొద్దు, మెడ చూడండి.

పిల్లల చేతులు, ముక్కు చలికి చల్లబడతాయి. అది మామూలే. వేలు మెడ వెనక, బట్ట లోపలికి పెట్టి చూడండి. పొడిగా వెచ్చగా ఉంటే పిల్ల బాగున్నట్టే. చెమటగా ఉంటే ఒక బట్ట తగ్గించండి. చల్లగా ఉంటే పక్కలోకి లాక్కోండి. మంకీ క్యాపు పెట్టండి, ముఖం మీద మాత్రం రగ్గు కప్పొద్దు. తల లోపలికి పెట్టుకుని పడుకుంటే ఊపిరి తడి పక్కంతా పట్టేస్తుంది.

5. నిప్పు టెంటు బయటే.

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. కొండ మీద చలిమంట లేనిదే రాత్రి గడవదు. నెగడు చుట్టూ పిల్లలు, బొంగులో చికెన్, ఎవరైనా థింసా ఆడేవాళ్లుంటే ఇక పడుకోవడానికి ఎవరూ రారు. అదంతా బాగుంటుంది. మంట ఆరాక ఒకాయన మెల్లగా ఓ బాండీలో నిప్పులు ఎత్తుకుని టెంటు వైపు నడుస్తాడు. ఏటా ఎవరో ఒకరు ఉంటారు. పోయినేడాది మా పక్క టెంటాయన అదే పని చేస్తుంటే వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. "మామ్మగారూ, పొగ రావట్లేదుగా, బాగా కాలిన నిప్పులే" అన్నాడు. పొగ వస్తే కనీసం దగ్గి లేచే అవకాశమైనా ఉంటుంది నాయనా. బాగా కాలిన బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వాంతి, మగత, ఆ మగతలోంచే ఇక లేవరు. పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి పీలుస్తారు కాబట్టి వాళ్లకే ముందు ఎక్కుతుంది.

నా ఉద్యోగం కొత్తలో ఒక బాలింత గదికి వెళ్లాను. పుష్యమాసం. తలుపు వేసి, కిటికీకి గోనెపట్టా కొట్టి, మంచం కింద కుంపటి పెట్టారు. తల్లి తల పగిలిపోతోందంటోంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. అత్తగారు దిష్టి తీస్తోంది. నేను ముందు తలుపు తీసి, గోనె పీకి, కుంపటి బయటికి ఈడ్చాను. వాళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. తల్లీ బిడ్డా దక్కారు. ఆ బిడ్డ పెళ్లికి నన్ను పిలిచారు.

గ్యాసు పొయ్యి, కిరసనాయిలు దీపం, చిన్న హీటరు, అన్నిటికీ ఇదే మాట. వానొచ్చినా వంట టెంటులో చెయ్యొద్దు.

6. జిప్పు పూర్తిగా మూసెయ్యకండి.

ఇది చెబితే అందరూ నవ్వుతారు. చలికి మూసుకోవాలి గానీ తెరుచుకోవడమేంటని. నలుగురు మనుషులు రాత్రంతా వదిలిన ఊపిరి టెంటు గుడ్డకి తగిలి నీళ్లవుతుంది. తెల్లవారుజామున చుక్కలు చుక్కలుగా రగ్గుల మీద పడుతుంది. వాన పడిందనుకుంటారు. పైనున్న కిటికీ రెండు వేళ్లంత తెరిచి ఉంచితే ఆ తడి బయటికి పోతుంది. ఒక పాత తువ్వాలు దగ్గర పెట్టుకుని లేవగానే గుడ్డని లోపల తుడిచెయ్యండి. పిల్లల్ని గుడ్డకి ఆనుకుని పడుకోనివ్వొద్దు. పెద్దవాళ్లు అంచుల్లో, పిల్లలు నడుమ.

7. పొట్టలో ఏదో ఒకటి ఉండాలి.

ఏడున్నరకి వేడి అన్నం, పప్పు, మా ఇంట్లో నెయ్యి కాస్త ఎక్కువే. పడుకోబోయే ముందు చెరో వేరుశనగ ఉండ. పొద్దున చోడి అంబలి. టీ ఇవ్వను, నిద్ర చెడుతుంది, రాత్రంతా లేపుతుంది.

లేపడం అంటే గుర్తొచ్చింది. తొమ్మిదింటికి ఒకసారి, పెద్దవాళ్లం పడుకునే ముందు ఒకసారి పిల్లల్ని టార్చి వేసి బయటికి తీసుకెళ్తాం. అయినా మావాడు ఓసారి పక్క తడిపేశాడు. వాడి తప్పేం ఉంది, చీకటికి భయపడి ఆపుకున్నాడు. అప్పటి నుంచి తల దగ్గర ఒక జత బట్టలు, ఒక చిన్న బొంత విడిగా ఉంటాయి. చీకట్లో వెతుక్కోకుండా చెయ్యి చాపితే దొరకాలి.

8. వేడినీళ్ల బాటిలు పక్కని వెచ్చబెట్టడానికి, పిల్లతో పడుకోబెట్టడానికి కాదు.

స్టీలు బాటిల్లో వేడినీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి కారట్లేదని చూసి, తువ్వాలు చుట్టి అరగంట ముందు పక్కలో పెడతాను. పిల్లలు ఎక్కేటప్పుడు తీసేస్తాను. మరీ వేడి కాకపోయినా గంటలకొద్దీ ఒకే చోట తగిలితే లేత చర్మం కాలుతుంది, నిద్రలో వాళ్లకి తెలియదు.

రేపటి బట్టలు కూడా రాత్రే రగ్గు కింద, కాళ్ల దగ్గర పెట్టండి. చెరువులవేనం వెళ్లి మబ్బులు చూడాలంటే చీకటితోనే లేవాలి, చలి గట్టిగా ఉండే వేళ అదే. మంచులా ఉన్న చొక్కా తొడుక్కోమంటే ఏ పిల్లా ఒప్పుకోదు. మావాళ్లు రగ్గులోనే బట్టలు మార్చుకుని బయటికొస్తారు.

9. బ్రాందీ చుక్క వద్దు.

ఇంకా కొన్ని ఇళ్లలో పిల్లకి చలి చేసిందని చెంచాలో బ్రాందీ పోసి నీళ్లు కలిపి పడతారు. మా అమ్మా పట్టింది నాకు. సారా దిగాక వెచ్చగా అనిపించేది రక్తం చర్మం పైకి రావడం వల్ల. ఆ వేడి బయటికి పోయి ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. చిన్నపిల్లల్లో రక్తంలో చక్కెర కూడా పడిపోతుంది. కర్పూరం నూనెలో కాచి రాయడం కూడా పసిపిల్లలకి మంచిది కాదు, ఫిట్స్ వచ్చే ప్రమాదముంది.

10. వణుకు ఆగితే సంతోషించకండి.

వణుకుతున్నంత సేపు ఒళ్లు పోరాడుతోంది. చల్లగా ఉన్న పిల్ల వణకడం ఆపి, మాట ముద్దగా వచ్చి, మత్తుగా వాలిపోతుంటే అది ప్రమాదం. తడి బట్టలు తీసి, పిల్లని మీ ఒంటికి, చర్మానికి చర్మం తగిలేలా హత్తుకుని, ఇద్దరి చుట్టూ కలిపి రగ్గు కప్పండి. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని మేము తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి బతికించింది ఈ పద్ధతితోనే. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. బాగా తెలివిలో ఉండి మింగగలిగితే తియ్యటి వెచ్చటి పాలు పట్టండి. 108కి ఫోను చెయ్యండి. కొండ మీద సిగ్నలు అన్నిచోట్లా అందదు, కాబట్టి ఎక్కడ అందుతుందో, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరమో వెలుగుండగానే చూసి పెట్టుకోండి.

11. ఏడాది నిండని బిడ్డని తేవద్దు.

పసివాళ్లు సరిగా వణకలేరు కూడా. ఒళ్లు చిన్నది, దాని మీద చర్మం ఎక్కువ, వేడి ఇట్టే పోతుంది. పోనీ కప్పుదామంటే బరువు రగ్గుల కింద, ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఊపిరాడదు. కొండ ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు తీసుకెళ్లొచ్చు.

ఈసారి వెళ్దామనుకునేవాళ్లకి ఒక్క మాట. టెంటు అక్కడ అద్దెకి దొరుకుతుంది, బొంత దొరకదు. బీరువాలో పాత నేత చీరలు నాలుగైదు ఉంటే ఇప్పుడే తీసి కుట్టడానికి ఇవ్వండి. మా వీధిలో ఆమె ఒక బొంతకి పది రోజులు తీసుకుంటుంది, దీపావళి దాటితే ఖాళీ లేదంటుంది.