వృద్ధుల మతిమరుపును, కావలి యంత్రములును

విద్యార్థులారా! మీలో పలువురి యిండ్లలో తాతగారో, అమ్మమ్మగారో, నాయనమ్మగారో ఉందురు. వారు కండ్లజోడు నెచ్చటనో పెట్టి మరచి, యిల్లంతయు వెదకుట మీరెరుగుదురు. అది వ్యాధి కాదు. ముసలితనమున జ్ఞాపకశక్తి కొంత మందగించుట సహజమే. కాని కండ్లజోడు చేత పట్టుకొని ఇది యే వస్తువో, దీనితో నేమి చేయుదురో తెలియక చూచుచున్నచో, భోజనము చేసి చేయి కడుగుకొనిన వెంటనే నాకింకను అన్నము పెట్టలేదని కోపగించినచో, నలువది యేండ్లుగ కాపురమున్న యింటిలోనే కూర్చుండి "మా యింటికి పోవుదును" అని లేచినచో, అది వట్టి మరపు కాదు. వైద్యులు దానిని డిమెన్షియా యందురు. మన పెద్దలు చాదస్తమనియు, మతి చలించినదనియు చెప్పి యూరకుండిరి.

డిమెన్షియా యనునది యొక్క రోగమునకు పేరు కాదు. మెదడు క్రమముగ చెడుటచే కలుగు పెక్కు లక్షణముల సముదాయమునకు పేరు. దానికి కారణములగు రోగములలో ముఖ్యమైనది అల్జైమరు వ్యాధి. జర్మనీ దేశపు వైద్యుడగు అలోయిస్ అల్జైమరు 1901వ సంవత్సరమున ఫ్రాంక్‌ఫర్టు నగరములోని చికిత్సాలయమున ఆగుస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని పరీక్షించెను. పేరు వ్రాయుమనగా ఆమె కొంత వ్రాసి, తక్కినది మరచిపోవుచుండెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆమె మెదడును సూక్ష్మదర్శినితో చూచి, తాను కనుగొనిన మార్పులను ఆ సంవత్సరమే నవంబరు నెలలో ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో విన్నవించెను. సభవారు దానిని అంతగా పట్టించుకొనలేదట! నేడు ఆ పేరు వినని దేశము లేదు. 2021వ సంవత్సరమున ప్రపంచమందు 5 కోట్ల 70 లక్షల మందికి డిమెన్షియా కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పుచున్నది. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో 88 లక్షల మందికి, అనగా నూటికి ఏడుగురికి పైబడి, ఈ స్థితి కలదని 2023లో ప్రకటింపబడిన పరిశోధన వలన తెలియుచున్నది.

దీనిని పూర్తిగ మాన్పు మందు లేదు. కావున రోగిని కనిపెట్టి యుండుటయే యింటివారికి ముఖ్యమైన పని. ఆ పనిలో యంత్రములు మనకెంత సాయపడగలవో, ఎచ్చట సాయపడజాలవో విచారింతము. ముందుగ జపాను దేశమున జరిగిన యొక సంగతి చెప్పెదను.

ఆ దేశమున ఐచి మండలములో ఓబు అను పట్టణము కలదు. అచ్చట డిమెన్షియా గల 91 ఏండ్ల వృద్ధుడొకడు, 85 ఏండ్ల భార్యతో నివసించుచుండెను. కోడలు వారి సేవకై దూరపు నగరము విడిచి వచ్చి, చేరువలోనే కాపురముండెను. కుమారుడు ఉద్యోగమున్న చోటనుండి నెలకు పలుమారులు వచ్చి చూచి పోవుచుండెను. ఇంతకంటె శ్రద్ధ గల కుటుంబము నెవరు చూపగలరు? ఆ వృద్ధుడు అంతకుముందు రెండు పర్యాయములు ఒంటరిగ బయలుదేరి తప్పిపోగా, ఇతరుల సాయమున మరల ఇల్లు చేరెను. అప్పటినుండి ఆయన పేరును, టెలిఫోను సంఖ్యను గుడ్డముక్క మీద వ్రాసి అంగీలకు కుట్టిరి. ముందు వాకిట నెవరైన నడచినచో భార్య తలగడ యొద్ద గంట మ్రోగునట్లు ఒక పరికరమును అమర్చిరి. ఆ యింటికి వీధివైపున, వెనుకటి వ్యాపారమునకై వాడిన గది యొకటి కలదు. ఆ గది వాకిటికిని గంట కలదు. కాని దాని విద్యుత్తు మీట ఆపివేయబడి యుండెను.

2007వ సంవత్సరము డిసెంబరు 7వ తేది సాయంకాలము కోడలు ఇంటిపనిలో నుండెను. భార్యకు కొద్ది నిమిషములు కునుకు పట్టెను. ఆ కొద్ది నిమిషములలోనే ఆ వృద్ధుడు గంట మ్రోగని వాకిటనుండి వెడలి, రైలెక్కి, తరువాతి స్టేషనులో దిగి, పట్టాల మీదికి పోయి రైలు తగిలి మరణించెను.

కథ అంతటితో ముగియలేదు. రైళ్లు నిలిచిపోయినందుకు నష్టపరిహారముగ సుమారు 72 లక్షల యెన్లు ఇప్పింపవలెనని రైల్వే కంపెనీవారు ఆ కుటుంబము మీద వ్యాజ్యము వేసిరి. 2013లో నగోయా జిల్లా న్యాయస్థానము భార్యయు, పెద్దకుమారుడును చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 2014లో పై న్యాయస్థానము కుమారుని విడిచి, భార్య సగము చెల్లింపవలెననెను. గంట మీట వేయుట సులభమే కదా, ఏల వేయలేదు అను మాటయు ఆ విచారణలో వచ్చెను. తుదకు 2016వ సంవత్సరము మార్చి 1వ తేదిన ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము, భార్య యైనంత మాత్రమునను, కుమారుడైనంత మాత్రమునను ఒకరు రోగి చేయు ప్రతి పనికిని బాధ్యులు కాజాలరని చెప్పి, వారిరువురిలో నెవరును చెల్లింపనక్కరలేదని తీర్మానించెను. ఎనిమిదేండ్లకు పైగ ఆ ముసలమ్మ, తనకు పట్టిన కునుకునకు సంజాయిషీ చెప్పుకొనుచునే యుండవలసి వచ్చినది. తరువాత జపానులో కొన్ని పట్టణముల పాలకవర్గములు ఇట్టి కుటుంబముల తరపున తామే భీమా చేయింప మొదలిడినవి.

ఆ గంట ఏల ఆపబడెనో మనము తర్కింప నక్కరలేదు. గంట కట్టుకొనిన యింటివారికి మాత్రము ఆ సంగతి చెప్పకయే తెలియును. పగలెల్ల పాలవాడు వచ్చినను, పిల్లలు పోయినను, పనిమనిషి చెత్త పారబోయ వెడలినను అది మ్రోగుచునే యుండును. మూడవ నాటికి దానిని వినుట మానుదురు. పదవ నాటికి మీట ఆపుదురు.

ఇక ఈ పరికరములు పనిచేయు విధము చూతము. ఇందు మంత్రమేమియు లేదు. మీ భౌతికశాస్త్ర పుస్తకములోని పాఠములే. తలుపునకు అమర్చు సామాన్యపు పరికరమున రెండు భాగములుండును. ఒకటి చిన్న అయస్కాంతము. దానిని తలుపురెక్కకు బిగింతురు. రెండవది సన్నని గాజుగొట్టము. దానిని ద్వారబంధమునకు బిగింతురు. గొట్టములో రెండు సన్నని ఇనుపజాతి రేకులు ఒకదానినొకటి తాకీ తాకకుండ నుండును. తలుపు మూసియున్నపుడు అయస్కాంతము చేరువనుండుటచే రేకులు అంటుకొని విద్యుత్తు ప్రవహించును. తలుపు తీయగానే అయస్కాంతము దూరమై రేకులు విడివడును, ప్రవాహము తెగును, గంట మ్రోగును. గదిగోడకు పెట్టు మరియొక పరికరము మన దేహమునుండి యెల్లప్పుడు వెలువడు పరారుణ కిరణములను, అనగా కంటికి కానరాని వేడి కిరణములను, పసిగట్టును. ఆ గదిలో మనిషి కదలినపుడు కిరణములలో కలుగు మార్పు దానికి తెలియును. అది తాతగారో, పెంపుడు కుక్కయో పోల్చుకొనుట దానికి కష్టము. మంచము ప్రక్కన పరచు చాప కాలిబరువును గుర్తించును. చేతి గడియారమువంటిది ఒంటి విసురును కొలిచి, మనిషి పడెనేమో యని యూహించును. బల్లమీద చేయి గట్టిగ కొట్టినను పడెననుకొనవచ్చును. మందుల పెట్టె తగిన వేళకు ఒక్క గడిని మాత్రమే తెరచును. పొయ్యి వెలిగించి మరచినచో గ్యాసు నాపు మీటయు కలదు.

అందరును గొప్పగ చెప్పుకొనునది జి.పి.ఎస్. అను పరికరము. "ఆకాశమునుండి ఉపగ్రహము తాతగారిని చూచుచుండును" అని ఒక బాలుడు నాతో ననెను. ఉపగ్రహము ఎవరిని చూడదు. భూమికి 20 వేల కిలోమీటర్లకు పైన తిరుగుచు, తానెచ్చటనున్నదో, తన గడియారమున వేళ యెంతో మాత్రము చాటుచుండును. మెడలోనో, చెప్పులోనో ఉన్న పరికరము కనీసము నాలుగు ఉపగ్రహముల పలుకులు విని, అవి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి తానున్న చోటును లెక్క కట్టుకొనును. ఆ చోటును ఇంటివారికి తెలుపుటకు మరల సెల్‌ఫోను తరంగములు కావలెను. పైకప్పు గల చోట ఉపగ్రహముల పలుకు సరిగ వినరాదు. బ్యాటరీ అయిపోయిన ఏమియు వినరాదు. అన్నిటికంటె ముందు, ఆ పరికరము తాతగారి ఒంటిమీద నుండవలెను గదా! తెలియని వస్తువును మెడలోనుండి తీసి పారవేయుట ఈ రోగులకు పరిపాటి. అందువలన జపానులోని ఇరుమా పట్టణమువారు 2016లో, సెంటీమీటరు పరిమాణము గల సంకేతపు చీటీలను రోగుల గోళ్లకే అంటింప నారంభించిరి. తప్పిపోయిన వానిని చూచినవారు ఆ చీటీని ఫోనుతో చదివి, ఎచ్చటి వారో తెలిసికొనవచ్చును. యుక్తి చక్కనిదే. కాని ఆగి చూచువా డొకడు లేనిచో గోటి మీది చీటీ యేమి చేయును?

ఇంగ్లండులో నొక పద్ధతి కలదు. అందు యంత్రమే లేదు. జార్జి హెర్బర్టు అను నతడు 1944లో నార్మండీ తీరమున దిగి పోరాడిన సైనికుడు. వార్ధక్యమున డిమెన్షియా కలిగి, తన చిన్ననాటి యింటికై బయలుదేరి, త్రోవ తప్పి మరణించెను. ఆయన పేరట నేర్పడిన హెర్బర్టు పద్ధతి ప్రకారము, ఇంటివారు ఒక పత్రమును ముందే నింపి యుంచుకొందురు. రోగి ఛాయాచిత్రము, వెనుక కాపురమున్న ఇండ్లు, పనిచేసిన చోట్లు, పోవుటకిష్టపడు స్థలములు అందుండును. తప్పిపోయిన నాడు ఆ కాగితమును పోలీసువారి చేతికిత్తురు. నా మట్టుకు నాకు, జి.పి.ఎస్. కంటె ఈ కాగితమే యెక్కువ తెలివిగలదిగ తోచును. ఏలయన అది రోగి యెచ్చటికి పోయెనో గాక, ఎచ్చటికి పోదలచునో అడుగుచున్నది.

యంత్రముల విలువను కొలిచి చూచిన వారును కలరు. ఇంగ్లండులో ఇండ్లలోనే నివసించుచున్న 495 మంది రోగులను, చీట్లు వేసినట్లుగ, రెండు వర్గములుగ విభజించిరి. ఒక వర్గమువారికి వారి వారి అవసరములను విచారించి నానావిధములగు పరికరములను, దూరమునుండి కనిపెట్టు ఏర్పాట్లను చేసిరి. రెండవ వర్గమువారికి పొగ తెలుపు గంట, మెడలో వ్రేలాడు మీట వంటి స్వల్పమైనవి మాత్రమే యిచ్చిరి. ఎవరు ఎంతకాలము తమ యింటనే యుండగలిగిరో రెండేండ్లు గమనించిరి. అటిలా యను ఈ పరిశోధన ఫలితము 2021లో వెలువడెను. రెండు వర్గములకు భేదము కానరాలేదు. సేవచేయు వారి భారమును తగ్గలేదు. దీనినిబట్టి యంత్రములు నిరర్థకములనుట తప్పు. రెండవ వర్గమువారికిని కొన్ని యుండెను గదా. ఎక్కువ యంత్రములు పెట్టినంత మాత్రమున ఎక్కువ కాపుదల కలుగదని మాత్రము చెప్పవచ్చును. ఈ సంగతి పరికరములమ్మువారు చెప్పరు.

మన తెలుగువారిలో తల్లిదండ్రులు గుంటూరిలోనో, కరీంనగరమునందో ఉండగా, బిడ్డలు అమెరికాలోనుండు కుటుంబములు పెక్కు కలవు. వారు ఇంటిలో కెమేరా పెట్టి అచ్చటనుండి చూచుచుందురు. ఇందొక సౌకర్యము లేకపోలేదు. ఇచ్చట అర్ధరాత్రి యగునప్పటికి అచ్చట పగలు. రోగులు నిద్రలేచి తిరుగునది తరచు రాత్రియే. తల్లి నిద్రపోవుచుండగా, అమెరికాలోని కుమార్తె పగటిపూట మేలుకొని, తండ్రి వాకిటివైపు పోవుట చూడగలదు. చూచి యేమి చేయును? ఆమె పిలిచిన పలుకుటకు ఆ వీధిలోనే ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఆ యింటి మారు తాళపుచెవి యుండవలెను. కెమేరాకు వ్యయపరచు నాడే ఆ మనిషిని కుదుర్చుకొనని వారు, జరుగబోవు ఆపదను కన్నులార చూచుటకు మాత్రమే సొమ్ము పెట్టినవారగుదురు.

మరియొక మాట. పడకగదిలోను, స్నానపు గదిలోను కన్నుపెట్టుట ఎవరికిష్టము? మతి తప్పినను మానము తప్పదు. రోగము తొలిదశలో నుండగనే, ఆయనకు తెలిసి చెప్పగల దినములలోనే, "నాయనగారూ, వాకిట గంట పెట్టుదుమా? గదిలో కెమేరా వలదా?" అని అడిగి, ఆయన మాట వ్రాసి యుంచుకొనవలెను. అడుగుటకు ఆ దినములు ఎక్కువ కాలముండవు.

మా పెదతండ్రిగారు ముప్పది యేండ్లు ఉపాధ్యాయులుగ నుండిరి. ఈ వ్యాధి వచ్చిన పిమ్మట ప్రతి ఉదయము తొమ్మిది గంటలకు గొడుగు తీసికొని బయలుదేరుచుండిరి. మేము వాకిటికి గంట నమర్చితిమి. అది మ్రోగగానే ఆయన "బడిగంట కొట్టిరి, ఆలస్యమైనది" అని మరింత వేగముగ నడువసాగిరి! మేము నవ్వితిమి, పెద్దమ్మ మాత్రము నవ్వలేదు. మరునాడు గంట మ్రోగు భాగమును విప్పించి, ఆయన చెవిని పడకుండ వంటయింటిలో పెట్టించినది. తొమ్మిది గంటలగుసరికి తానే మీట ఆపి, తలుపు తీసి, ఆయన వెంట వీధి చివర రావిచెట్టు దాక నడచును. చెట్టు క్రింద ఆయన కొంతసేపు నిలిచి, "నేడు సెలవు కాబోలు" అనుకొని తిరిగి వత్తురు. తిరిగి వచ్చిన తరువాత మీట వేయుట తాను మరచిపోవుదునేమోయని, పెద్దమ్మ ఆయన సుద్దముక్కతోనే తలుపు లోపలివైపున పెద్ద అక్షరములతో "గంట" అని వ్రాసి పెట్టుకొన్నది. చెరిగినప్పుడెల్ల ఆ అక్షరములను పెదతండ్రిగారే మరల దిద్దుచున్నారు.