ముట్లుడుగు వయస్సున కీళ్ల నొప్పులు

దున్నెడు ఎద్దు ఒకనాడు కాలీడ్చినచో రైతు ఆ పూటయే కాడి దింపి, గిట్ట చూచి, పశువైద్యునికి కబురంపును. ఇంటి ఇల్లాలు ఏడాదిగా మోకాలు పట్టుకొని లేచుచున్నను "వాతము, వయస్సు మీదపడినది" అని ఊరకుండును. మేమిది నిందగా వ్రాయుట లేదు. మా యిండ్లలోను ఇట్లే జరిగినది. కనుకనే ఈ నెల ఎరువుల ముచ్చట కొంత తగ్గించి ఈ విషయమును సభ్యుల ముందుంచుచున్నాము.

మన దేశమున స్త్రీలకు సామాన్యముగా 45 మొదలు 50 ఏండ్ల లోపల ముట్లుడుగును. అంతకు కొన్ని యేండ్ల ముందునుండియే అండాశయములలో పుట్టెడు ఈస్ట్రోజెన్ అను ద్రవ్యము హెచ్చుతగ్గులై, తుదకు మిక్కిలి క్షీణించును. ఈ ద్రవ్యము గర్భమునకు మాత్రమే చెందినది కాదు. ఎముక, కండ, కీలులోని మెత్తని ఎముక, దానిచుట్టునుండు పొర, వీనియన్నిటికి దాని యండ కలదు. అది తగ్గుటతో వ్రేళ్ల కణుపులు, మోకాళ్లు, భుజములు ఉదయమున బిగిసికొనిపోవును. కాసేపు తిరిగిన పిదప సడలును. ఆ వయస్సు స్త్రీలలో దాదాపు సగముమందికి ఈ బాధ కలుగుచుండును. రాత్రివేళ ఆవిరులు పొంగి, చెమటలు పట్టి నిద్ర చెడినచో నొప్పి మరింత తోచును. కావున ఇది సోమరితనము కాదు, మనోభ్రమయు కాదు.

మన ప్రాంతమున దీనికి మరియొక కారణము తోడైనది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటికి నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో ఎనమండుగురికి పైగా తేలిరి. దానితోబాటు అండాశయములు రెండును తీసివేసినచో ఈ బాధలన్నియు చిన్న వయస్సుననే ఒక్కపెట్టున వచ్చి పడును. తెల్లబట్టకో, నడుము నొప్పికో ఆపరేషను చేయవలెనని ఎవరైన చెప్పినచో రెండవ డాక్టరును అడుగక ఒప్పుకొనరాదు.

ఇక మందుల మాట. మా సంఘ సభ్యునొకని భార్య నాట్ల కాలమంతయు దినమునకు రెండేసి నొప్పి బిళ్లలు మ్రింగి పనికి పోయెను. కడుపులో పుండు పడి నెత్తురు కక్కుకొనగా ఆమెను ఆసుపత్రిలో చేర్చిరి. ఆమె సంపాదించిన కూలికి అనేక రెట్లు అప్పు మన సంఘముననే తీసికొనవలసివచ్చెను. నొప్పి బిళ్ల చెడ్డది కాదు; డాక్టరు చెప్పిన కొలదిదినములు వాడవచ్చును. నెలల తరబడి మ్రింగినచో కడుపునకు, మూత్రపిండములకు, రక్తపుపోటునకు చెరుపు చేయును. పేరులేని పొట్లములలో నమ్ము పొడులు అంతకంటె అపాయకరములు. కొన్నిటిలో స్టిరాయిడు కలిపియుండును. రెండుదినములలో నొప్పి మాయమగును గాని, కొంతకాలమునకు ముఖముబ్బి, చక్కెర పెరిగి, ఎముక గుల్లబారును. ఈస్ట్రోజెనునే మందుగా నిచ్చు చికిత్సయు కలదు. అందరికి తగదు, స్త్రీవైద్యురాలి పరీక్ష తరువాతనే ఆలోచింపవలెను.

నొప్పి యున్నదని మంచము పట్టుట మరియొక పొరపాటు. కదలని కీలునకు కండ తగ్గును, కండ తగ్గగా కీలుపై బరువు పడును. అరుగుపై కూర్చుండి ఒక కాలు ముందుకు చాచి, పది లెక్కించువరకు నిలిపి దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిసార్లు, రెండుపూటల. ఒకటి రెండు నెలలు విడువక చేసిననే గుణము తెలియును. స్థూలకాయులు ఒక కిలో తగ్గినచో అడుగడుగున మోకాటిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గును. వేడినీటి కాపడము, నూనె మర్దన హాయి నిచ్చును; చేయవచ్చును.

ఎముక బలమునకు ముట్లుడిగిన స్త్రీకి దినమునకు 1200 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు, అనగా కాల్షియము, కావలెనని 2020లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు నిర్ణయించిరి. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా నుండగా, తెల్లని బియ్యములో లెక్కింపదగినంత లేదు. పాలన్నియు కేంద్రమునకు పోసి ఇంటిల్లిపాదియు టీనీళ్లు త్రాగు గృహములు మేమెరుగుదుము. ఇల్లాలికి ఒక గ్లాసెడు నిలుపుకొని తక్కినవి పోయుడు.

అన్ని నొప్పులును ఈ కోవకు చెందవు. కీళ్లు వాచి వేడిగానుండినను, ఉదయపు బిగువు గంటకు మించినను, జ్వరము తగిలినను, శరీరము చిక్కుచున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రుమటాయిడ్ అను కీళ్లవ్యాధికి మొదటి నెలలలోనే మందు పడకున్న వ్రేళ్లు వంకరలు పోవును. థైరాయిడు, చక్కెర పరీక్షలును చేయించుట మంచిది. భుజము పట్టివేయుటకు చక్కెర వ్యాధి తరచు కారణమగును.

పనిలోను మార్పు కావలెను. గొంతుక్కూర్చుండి కలుపు తీయుట మోకాటికి మిక్కిలి చేటు. వరుసలలో నాటిన వరికి కోనో వీడరును నిలువబడి నెట్టవచ్చును. భుజము నొప్పిగలవారికి అదియు శ్రమయే; దానిని పురుషులు నెట్టుటకు సిగ్గుపడనక్కరలేదు. ఇట్టి పరికరములు కొన్ని కొని సభ్యులకు అద్దెకిచ్చు ప్రస్తావన వచ్చు సమావేశమున రానున్నది. కావలసినవారు తమ పేర్లు, సాగు విస్తీర్ణము ముందుగానే గుమాస్తాకు తెలుపగోరుచున్నాము. ఆ నాటికి ఇండ్లలోని స్త్రీలను కూడ వెంటబెట్టుకొని రావలెను. పరికరము బరువెంతయో చేతబట్టి చెప్పవలసినవారు వారే.