పావురాలకు గింజలు వేస్తే పుణ్యమా, కేసా?

శిబి చక్రవర్తి కథ మనందరం విన్నదే కదా. డేగ తరుముతుంటే ఒక పావురం వచ్చి ఆయన్ని శరణు కోరింది. డేగ ఆకలి కూడా న్యాయమే. అందుకే ఆయన పావురమంత బరువుకి తన మాంసం కోసి తక్కెడలో పెట్టాడు. ఎంత పెట్టినా చాలక చివరికి తానే ఎక్కి కూర్చున్నాడు. ఈ కథ వింటూ పెరిగినవాళ్లకి 'పావురాలకి మేత వేస్తే పోలీస్ కేసు' అంటే ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. అందుకే అసలేం జరిగిందో కూర్చుని చదివాను.

ముంబైలో పావురాలకి మేత వేయడానికే కట్టిన చోట్లున్నాయి, కబూతర్‌ఖానాలంటారు. 2025 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం అలాంటివి 51 మూసేయమంది. కొందరు కోర్టుకెళ్లారు. బాంబే హైకోర్టు మేతకి అనుమతి ఇవ్వలేదు సరికదా, మాట వినకుండా వేసేవాళ్ల మీద క్రిమినల్ కేసు పెట్టమని జూలై 30న చెప్పింది. దాదర్ కబూతర్‌ఖానా మీద కప్పిన టార్పాలిన్‌ని ఆగస్టు 6న జనం చింపేశారు. 11న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది.

ఆ ఉత్తర్వు ముంబైకే. కానీ కేసుల్లో వాడిన సెక్షన్లు దేశమంతటికీ ఉన్నవే. భారతీయ న్యాయ సంహితలో 270 పబ్లిక్ న్యూసెన్స్ గురించి, 271 ప్రాణాంతక జబ్బు వ్యాపించేలా నిర్లక్ష్యంగా ఉండటం గురించి. రెండింట్లోనూ పావురం మాటే లేదు! చట్టం చూసేది మన భక్తిని కాదు, పక్కవాడి మీద పడేదాన్ని.

పడేదేంటంటే, రెట్ట ఎండి పొడి అయి, ఈకల దుమ్ముతో కలిసి గాల్లో లేస్తుంది. రోజూ పీలిస్తే కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ వస్తుంది. అందరికీ రాదు, నిజమే. వచ్చి ముదిరితే మాత్రం ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్లీ మామూలవ్వవు.

మా అమ్మ బాల్కనీలో రోజూ జొన్నలు వేసేది. కింద ఫ్లోర్ ఆంటీకి ఆస్తమా. ఆవిడ కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. ఎందుకో మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. శిబి తన ఒళ్లు తాను కోసుకున్నాడు. మేం వేసే జొన్నలకి మూల్యం ఆంటీ కడుతోంది.

భూతయజ్ఞం మానాలా? అక్కర్లేదు. వండినదాంట్లో ఒక ముద్ద తీసి పెట్టడమే అది, బస్తాలు గుమ్మరించడం కాదు. బియ్యప్పిండి ముగ్గు చీమలకి, పిచ్చుకలకి చూరుకి కట్టే వరి కుచ్చు... మన ఇళ్లలో ఉన్నవే ఇవన్నీ.

ఇదంతా అమ్మకి చెప్తే ఒక రోజంతా మాట్లాడలేదు. ఇప్పుడు జొన్నల డబ్బా వంటింట్లోకి వెళ్లింది, రొట్టెలవుతున్నాయి. పావురాలు మాత్రం ఇంకా పొద్దున్నే వచ్చి రెయిలింగ్ మీద కూర్చుంటున్నాయి. అమ్మ అటు చూడటం లేదు.